కొత్త యంత్రమా, కొత్త ఆటయా?

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆంతరంగిక సేవకుడై యుండి, సీమ సరుకుల దుకాణమును నడపిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియను వర్తకుని పేరిట వెలసిన ఆబిడ్స్ పేట, ఆనాటి నుండి నేటివరకును హైదరాబాదు వారికి విదేశపు వింతలను మొట్టమొదట చూపు వాకిలిగానే నిలిచియున్నది. నేడక్కడి జగదీశ్ మార్కెట్టులో సెల్‌ఫోన్ల బేరముల సందడి నడుమ, వీడియో గేము యంత్రము కొనవచ్చిన కుర్రవానికిని, డబ్బు చెల్లింపవలసిన వాని తండ్రికిని వినబడు మాట ఒక్కటే: ఇది పాతదానికన్న శక్తిమంతమైనది. శక్తి మాట నిజమే కావచ్చును. ఆ శక్తి ఆటకు తెచ్చిన కొత్తదనమెంత యన్నది వేరు ప్రశ్న.

కన్సోలు అనగా ఆట కొరకే నిర్మించి, టీవీకి తగిలించుకొను చిన్న కంప్యూటరు. రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు ఊహనుండి పుట్టి 1972లో అమెరికాలో వెలువడిన మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ వీనిలో మొదటిది. దానికి శబ్దము లేదు. గెలుపోటముల లెక్క లేదు. ఆటస్థలము కనబడుటకై రంగుల ప్లాస్టిక్కు తెరలను టీవీ అద్దమునకు అతికించుకొనవలసి యుండెను. ఐనను, అంతవరకు కూర్చుండి చూచుటకు మాత్రమే పనికివచ్చిన టీవీ మనిషి చేతి కదలికకు లోబడినది గనుక, ఆ పేద యంత్రము తెచ్చిన నవ్యతకు సాటి రాగలది తరువాతి యేబది యేండ్లలో మరి రాలేదని నా తలంపు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలసినది 1977లో. చూచుటకే టీవీ లేనివారము, ఆడుట మాట యెక్కడిది?

మన యిండ్లకు ఆ భాగ్యము 1990ల దశకములో, అదియు దొడ్డిదారిని వచ్చెను. జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫ్యామికాము యంత్రమునకు తూర్పు ఆసియాలో తయారైన నకళ్లు మన బజారులకు దిగి, 'టీవీ గేము' అను పేరుతో చెలామణి అయినవి. ఆటలున్న కార్ట్రిడ్జిని పిల్లలు క్యాసెట్టు అనిరి. వందల వేల ఆటలున్నవని పైనున్న కాగితము చాటుచుండగా, లోపల పదో పాతికో ఆటలు పేర్లు మార్చుకొని మరల మరల ఎదురగుచుండెను. ఈ చిన్న మోసమును ఎవరును పట్టించుకొనలేదు. ఏలయన, ఆ పదింటిలో 1985 నాటి సూపర్ మారియో ఉండెను. అది మొత్తము 40 కిలోబైట్లు. నేడు వాట్సాపులో పంపుకొను శుభోదయపు చిత్రమొకటి అంతకన్న పెద్దది. బొటనవ్రేలి క్రింద శిలువ ఆకృతిలో నమరి, నాలుగు దిక్కులకు నడిపించు ఆ మీట గుంపేయ్ యోకోయ్ కల్పన. 1982 నాటి చేతియాట బొమ్మనుండి ఫ్యామికామునకు వచ్చినది. నేటి యంత్రములన్నిటి పైనను దాని సంతతియే కలదు. పాతబడి చౌకయైన సాంకేతికమును క్రొత్త రీతిని వాడుకొనవలెనన్నది ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతముతోనే 1989లో రంగులు లేని తెరతో గేమ్ బాయ్ వెలువడి, రంగుల తెరలున్న ప్రత్యర్థులను ఓడించెను.

శక్తి విషయమున ఒక లెక్క చూడుడు. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషనుకు ప్రధాన జ్ఞాపకశక్తి 2 మెగాబైట్లు. 2000లో రెండవదానికి 32. 2006లో మూడవదానికి, రెండు భాగములును కలిపి 512. 2013లో నాలుగవదానికి 8 గిగాబైట్లు, అనగా 8,192 మెగాబైట్లు. ప్రతి మెట్టునకును సరిగా పదునారు రెట్లు. ఇక 2020లో అయిదవదానికి 16 గిగాబైట్లు, అనగా రెండే రెట్లు. మొదటి మెట్లలో ఆటయే మారిపోయెను: చదునైన బొమ్మకు లోతు వచ్చినది, పిదప నగరమంతయు తిరుగాడ దగిన ఆటలు వచ్చినవి. తరువాతి మెట్లలో మారినది చాలవరకు వెంట్రుకల నునుపును, నీటి మీద వెలుగు తళుకును. అయిదవ ప్లేస్టేషనులో నా దృష్టికి నిజమైన నవ్యత సెకనుకు 5.5 గిగాబైట్ల వేగముతో సమాచారము నందించు ఎస్ఎస్‌డీ అను నిల్వ పరికరము. అంతకుముందు ఆటగాడు నిరీక్షింపవలసిన క్షణములను మరుగుపరచుటకై రూపకర్తలు ఇరుకు సందులను, నెమ్మది లిఫ్టులను పనిగట్టుకొని కల్పించుచుండిరి. ఆ యగత్యము తొలగినది.

చేతిని మార్చిన యంత్రములే ఆటను మార్చినవి. 2006లో వచ్చిన నింటెండో వారి వీ, పోటీదారులకన్న బలహీనమైనదైనను, రిమోటును టెన్నిసు బ్యాటువలె ఊపిన చాలునని నేర్పి, ఏనాడును ఆట ముట్టని ముసలివారిని సైతము లేవదీసి, పది కోట్లకు పైగా అమ్ముడుపోయెను. చేతిలో ఏమియు లేకయే ఆడవచ్చునని 2010లో వచ్చిన కినెక్టు అను కెమెరా పరికరము మాత్రము 2017 నాటికి తయారీ నిలిచిపోయి అంతరించినది. వ్రేళ్లకు పట్టు దొరకని ఆటలో నిశితత్వము రాదు, పైగా తెరకు ఆరడుగుల దూరమున నిలువవలెనన్న మన ఫ్లాట్లలో సోఫా నెక్కడ పెట్టుదుము? కావున కొత్తదనమెల్ల మేలని చెప్పుటకును వీలులేదు.

నాంపల్లి మైదానమున ఏటేట సాధారణముగా జనవరి మొదటి దినమున తెరచుకొను నుమాయిష్ అను వస్తుప్రదర్శన, 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమైనపుడు, ఇచట తయారైన వస్తువులను ఇచటి ప్రజలకు చూపవలెననియే పుట్టినది. ఆ కొలతతో చూచినచో, హైదరాబాదుకు కన్సోలు తెచ్చిన అత్యంత నూతన విషయము 2009లో సంభవించినది. అప్పటికి తొమ్మిదేండ్ల వృద్ధయై, విదేశములలో అటకెక్కుచుండిన ప్లేస్టేషన్ 2 కొరకు, ఈ నగరపు అరోనా టెక్నాలజీస్ అను సంస్థ 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటను నిర్మించెను, ఆ యంత్రమునకు పూర్తిగా భారతదేశమున తయారైన మొదటి ఆట అదియే. అదే యేడు ఇచటి గేమ్‌శాస్త్ర సంస్థ బిళ్లంగోడు, కబడ్డీ, గాలిపటములతో 'దేశీ అడ్డా' తెచ్చెను. హనుమంతుని ఆట గొప్పదని నేననను. విమర్శకులు మెచ్చలేదు, దేవుని ఆటబొమ్మ చేసిరని అమెరికాలోని హిందూ ప్రముఖులు కొందరు ఆక్షేపించిరి. ఐనను, మధ్యతరగతి యిండ్లకు చేరిన యంత్రము ప్లేస్టేషన్ 2 గనుక, మనవారు దాని మీదనే తమ చేతిపనిని పరీక్షించుకొనగలిగిరి. సరికొత్త యంత్రము ఆ యవకాశమును మనకీయలేదు, పాతదియే యిచ్చెను.

2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో లోకమున విడుదలైనపుడు, అది వాడు 6 గిగాహెర్ట్‌జ్ వైఫై తరంగములకు అప్పటికి మన దేశమున అనుమతి లేనందున, ఇచటి అంగళ్లకు అప్పుడు అధికారికముగా రాలేదు. రాలేదని ఆట మానివేసిన వారెవరును నాకు కనబడలేదు.

కావున ఆబిడ్సునకు పోయి కొత్త యంత్రము కొనదలచిన పాఠకులారా, తెర మీది తళుకును క్షణకాలము పక్కనుంచి, అమ్మువానిని ఒక్క ప్రశ్న యడుగుడు: "భాయ్, దీంట్లోనే ఆడగలిగిన గేము, పాతదాంట్లో రానిది, ఏదైనా ఉందా?" అతడు తడుముకొన్నచో, ఇంటనున్న దానితోనే మరి రెండేండ్లు నిశ్చింతగా గడుపవచ్చును.