డిస్కు ఎక్కడ నిండింది?

డిస్కులో చోటు లేదని కంప్యూటర్ వెంటనే చెప్పేస్తుంది. ఆ చోటంతా ఏమైందని అడిగితే మాత్రం జవాబు దొరకదు. విండోస్‌లో ఫైళ్ల జాబితా తెరిచి చూడండి: ప్రతి ఫైలు పక్కనా సైజు ఉంటుంది, ఫోల్డర్ పక్కన ఆ గడి ఖాళీగా ఉంటుంది. లోపలి ఫోల్డర్లు, వాటి లోపలివి, అట్టడుగు ఫైలు వరకూ అన్నీ కూడితే తప్ప ఫోల్డర్ సైజు తేలదు. లక్షల ఫైళ్లున్న డ్రైవులో ఆ కూడిక మనిషి వల్ల అయ్యేది కాదు. ప్రోగ్రామ్‌తో చేయించినా చేతికొచ్చేది చాంతాడంత అంకెల జాబితా.

1990లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్‌కు ఇదే చిక్కు వచ్చింది. ఆయన ప్రయోగశాలలో ఉన్న 80 మెగాబైట్ల హార్డ్ డిస్కును 14 మంది పంచుకునేవారు. అది నిండినప్పుడు ఎవరిది ఎంత ఉందో తెలిసేది కాదు. ఫోల్డర్లను కొమ్మలూ రెమ్మలూ ఉన్న చెట్టులా గీద్దామంటే తెర చాలదు. ఒకరోజు అధ్యాపకుల గదిలో ఆలోచిస్తుండగా ఆయనకు ఉపాయం తట్టింది: చెట్టు మొత్తాన్నీ ఒకే దీర్ఘచతురస్రంలో, కాస్త కూడా చోటు వదలకుండా ఇమిడ్చేయడం. దీన్నే ట్రీమ్యాప్ అంటారు.

పొలం పంపకం తెలిసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. తండ్రి చేనును కొడుకులు నిలువుగా గట్లు వేసి పంచుకున్నారనుకోండి. ఒక్కో కొడుకు వాటాను అతని పిల్లలు అడ్డంగా, వాళ్ల పిల్లలు మళ్లీ నిలువుగా పంచుకుంటూ పోతారు. చివరికి మిగిలిన ఒక్కో మడీ ఒక ఫైలు, దాని వైశాల్యమే ఫైలు సైజు. 10 జీబీ వీడియో ఉంటే అది 1 జీబీ వీడియోకు పది రెట్ల మేర ఆక్రమిస్తుంది. అంకె చదవనక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది.

అయితే పంపకాలు ముదిరేకొద్దీ నాగలి తిప్పలేనంత సన్నని పట్టీలు మిగులుతాయి. ట్రీమ్యాప్‌కూ అదే గతి పట్టింది. పొడవాటి సన్నని పట్టీనీ చదరపు ముక్కనూ పక్కపక్కన పెడితే ఏది పెద్దదో కన్ను పోల్చలేదు. దీన్ని చక్కదిద్దినవారు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంవారు. 2000లో మార్క్ బ్రూల్స్, కీస్ హౌజింగ్, యార్కె వాన్ వైక్ ప్రతి ముక్కా వీలైనంత చదరంగా వచ్చేలా పేర్చే పద్ధతిని ప్రచురించారు. అంతకు ముందు ఏడాదే వాన్ వైక్, మరో సహచరుడితో కలిసి, ముక్కలకు దిండులాంటి ఉబ్బెత్తు నీడలు అద్దే పద్ధతి చూపారు. గీతలు గీయకుండానే ఏ ముక్క ఏ ఫోల్డర్‌లోదో ఆ నీడల వల్ల తెలుస్తుంది. ఈ నీడల ఆలోచనే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. సరిహద్దు గీతలకు పోయే చోటు కూడా ఫైళ్లకే దక్కింది.

ఆ పరిశోధన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చేతికి చేరింది. లినక్స్ కోసం స్టెఫాన్ హుండ్‌హామర్ కేడిర్‌స్టాట్ రాశారు. దాన్ని చూసి 2003లో విండోస్‌కు విన్‌డిర్‌స్టాట్ వచ్చింది. ఉబుంటు వంటి గ్నోమ్ డెస్క్‌టాప్‌లలో బావోబాబ్ ఉంది, కేడీఈ డెస్క్‌టాప్‌లో ఫైల్‌లైట్ ఉంది. ఈ రెండూ ఫోల్డర్లను ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలుగా చూపగలవు. ఏ ఫోల్డర్ దేని లోపల ఉందో తెలుసుకోవడానికి వలయాలు సులువు. ఏ ఫైలు చోటు తింటోందో పట్టుకోవడానికి మాత్రం నేను ట్రీమ్యాప్‌నే ఎంచుకుంటాను.

విన్‌డిర్‌స్టాట్ తెరిచి డ్రైవును ఎంచుకుంటే ముందు అన్ని ఫోల్డర్లనూ చదువుతుంది. ఆ తర్వాత తెర కింది భాగంలో రంగుల పటం పరుచుకుంటుంది. వీడియోలకు ఒక రంగు, ఫొటోలకు ఒక రంగు, ఇలా ఫైలు రకాన్ని బట్టి రంగులు మారతాయి. ఏ ముక్క మీద క్లిక్ చేసినా ఆ ఫైలు ఏ దారిలో ఉందో పైన జాబితాలో కనిపిస్తుంది. అతి పెద్ద ముక్కల దగ్గరే ఆగిపోకండి. పటంలో రెండు చోట్ల ఒకే పోలికలో, ఒకే రంగుల కలయికతో ముక్కల గుంపులు కనిపిస్తే, ఒకే ఫోల్డర్‌కు రెండు నకళ్లు ఉన్నాయేమో చూడాలి. పాత ఫోన్ నుంచి ఎప్పుడో దించుకున్న ఫొటోలు, మళ్లీ బ్యాకప్ పేరుతో దించుకున్న అవే ఫొటోలు ఇలాగే బయటపడతాయి. జాబితాలో వేర్వేరు పేర్లతో దాక్కున్నవి పటంలో దొరికిపోతాయి.

పెద్దగా ఉంది కదా అని చెరిపేయకూడదు. సీ డ్రైవులో ఒక పెద్ద ముక్క హైబర్‌ఫిల్ డాట్ సిస్ కావచ్చు. కంప్యూటర్ హైబర్నేషన్‌లోకి వెళ్లేటప్పుడు ర్యామ్‌లోని సమాచారాన్ని విండోస్ భద్రపరిచేది అందులోనే. అది అక్కర్లేదనుకుంటే హైబర్నేషన్‌ను ఆపాలి, అప్పుడు విండోసే ఆ ఫైలును తీసేస్తుంది. విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ కూడా భయపెట్టేంత పెద్దగా కనిపించవచ్చు. అందులోని చాలా ఫైళ్లకు సిస్టమ్32 వంటి చోట్ల రెండో పేరు కూడా ఉంటుంది. డిస్కులో ఉన్నది ఒక్కటే, పేర్లు రెండు. ఆ సంగతి పట్టించుకోని ప్రోగ్రామ్ రెండుసార్లు లెక్కేస్తుంది. ఇక 1 టీబీ అని కొన్న డ్రైవు విండోస్‌లో 931 జీబీ అని కనిపించడంలో మోసమేమీ లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది.

డిస్కు పటం గీసే పనికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడమని గట్టిగా చెబుతాను. అలాంటి ప్రోగ్రామ్‌కు మీ డ్రైవులోని ప్రతి ఫైలు పేరూ తెలుస్తుంది: బ్యాంకు కాగితాలు, వైద్య పరీక్షల రిపోర్టులు, పిల్లల ఫొటోలు. అంతా చూసే ప్రోగ్రామ్ లోపల ఏం చేస్తోందో తెలిసినవాళ్లెవరైనా చదివి చూసే వీలుండాలి. విన్‌డిర్‌స్టాట్, బావోబాబ్, ఫైల్‌లైట్ మూడింటి సోర్స్ కోడ్ బహిరంగంగానే ఉంది. ఇంటర్నెట్ తీసేసినా మీ డ్రైవు పటం గీస్తాయి.

పేర్లను చదివి గీసే పటం కాబట్టి పేరు లేనిది ఇందులో కనపడదు. లినక్స్ సర్వర్లు నడిపేవారికి ఇది అనుభవమే. ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన లాగ్ ఫైలును చెరిపేస్తే దాని పేరు పోతుంది, చోటు మాత్రం ఖాళీ కాదు. డిస్కు నిండే ఉంటుంది, పటం మాత్రం బోలెడు ఖాళీ ఉందన్నట్టు లెక్క చూపుతుంది. ఆ ఫైలును పట్టుకున్న ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే చోటు తిరిగొస్తుంది.