కర్మాగారంలో లెక్కల నిజం

అనంతపురం సీమలో వాన లెక్క తెలియని రైతు లేడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఈ మెట్టభూమిలో ఒక్క పదును తప్పితే వేరుశనగ చేతికి రాదు. అట్టి చోట 2019 ఆగస్టు నుండి మోటారు కార్లు తయారవుతున్నవి. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద ఉన్న కియా కర్మాగారాన్ని ఏటా 3 లక్షల కార్లు తయారు చేయగల శక్తితో, 300కు పైగా రోబోలతో నెలకొల్పినారు. హంద్రీ–నీవా నీరు చేరే గొల్లపల్లి జలాశయం దాని దాహం తీరుస్తున్నది. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

ఆ కర్మాగారం చుట్టూ అనుబంధ పరిశ్రమలు అనేకం వెలసినవి. స్మార్ట్ తయారీ అని వాడుకలో ఉన్న కొత్త పద్ధతికి మారవలెనంటే ఏ యంత్రం కొనవలెనని చిన్న పరిశ్రమల వారికి సందేహం కలగడం సహజం. మా దృష్టిలో దానికన్న ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. మన లెక్కలు నమ్మదగినవేనా?

ఈ పద్ధతిలోని మర్మం గహనమైనది కాదు. మర వేడిని, కంపనాన్ని, అది లాగుకొనే విద్యుత్తును కొలిచే సెన్సార్లు అమర్చుతారు. ఆ కొలతలు క్షణక్షణం కంప్యూటరుకు చేరుతవి. పూర్వం బేరింగు అరిగిపోయిన సందర్భాలలో కంపనం ఏ తీరున పెరిగినదో కంప్యూటరు నేర్చుకొని, మరల అట్టి తీరు కనిపించగానే హెచ్చరిస్తుంది. అయితే బేరింగు ఏ దినాన, ఏ వేళ చెడినదో, దానిని ఎప్పుడు మార్చినారో తరచు మనిషి వ్రాసిన రిజిస్టరు మాత్రమే చెప్పగలదు. చిక్కంతా అక్కడనే.

ఒక లేత్ మరను ఊహించుకొందాము. బేరింగు చెడి అది 40 నిమిషాలు ఆగినది. 10 నిమిషాలు దాటితే ఆపరేటరు సంజాయిషీ ఇవ్వవలెనని అక్కడి నియమం. అతడు ‘8 నిమిషాలు, ఇతర కారణములు’ అని వ్రాసి ఊరుకొన్నాడు. రెండవ షిఫ్టులో వచ్చినవాడు అదే మరను మరొక పేరుతో వ్రాసినాడు. గోడ గడియారానికీ కంప్యూటరు గడియారానికీ 7 నిమిషాల తేడా. ఇట్టి రిజిస్టరు నుండి నేర్చిన కంప్యూటరు చెడిన బేరింగును మంచిదని నమ్ముతుంది. వెనుకటి గుమాస్తా చేసిన తప్పు ఒక పుటలో ఉండిపోయేది. ఈ తప్పు ప్రతిదినం ప్రతి మర మీద తీర్పు చెబుతుంది. చెడిన మర ముందు నిలబడవలసినవాడు మాత్రం ఆ ఆపరేటరే గదా!

ఒక్కొక్క మరకు ఒకే పేరు స్థిరపరచడం, గడియారాలు కలపడం, కొలత సాధనాలను ప్రమాణంతో సరిచూడడం శ్రమతో తీరే పనులు. 8 నిమిషాల అబద్ధం అట్లా తీరదు. అది భయం నుండి పుట్టినది.

ధర్మవరంలో పట్టుమగ్గం వద్ద కూర్చున్న నేతగానిని చూడండి. పడుగులో పోగు తెగగానే మగ్గం ఆపి, అతికి, మరల నేస్తాడు. ఎందుకు ఆపితివని ఎవరూ మందలించరు. ఆపకపోతేనే చీర చెడుతుంది. జపానులో సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన స్వయంచాలక మగ్గం పోగు తెగితే తనంతట తానే ఆగేది. ఆ కుటుంబం తరువాత స్థాపించిన టయోటా మోటారు కర్మాగారాలలో, లోపం కనిపెట్టిన కార్మికుడు తాడు లాగి పనిని ఆపించే ఏర్పాటు వచ్చినది. తాడు కట్టడం సులభమే. లాగినవానిని దోషిగా చూడకుండడం అంత సులభం కాదు.

ఇందుకు దృష్టాంతం కోసం జపాను దాకా పోనక్కరలేదు. 2000 తరువాతి దశాబ్దంలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో, రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకొనే పథకం నడిచినది. వానను, బావిలోని నీటిమట్టాన్ని, బోరు పోసే నీటిని రైతులే కొలిచినారు. 15 రోజులకొకసారి మట్టం చూచి పుస్తకంలో ఎక్కించినారు. ఊరి గోడ మీద అందరికీ కనబడేటట్లు వ్రాసినారు. రబీకి ముందు సమావేశమై, ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని లెక్క కట్టినారు. వరి వేయరాదని పథకం ఎవరినీ శాసించలేదు. అయినా చాలామంది తక్కువ నీటితో పండే పైర్లవైపు మొగ్గినారు. మట్టం తప్పుగా వ్రాస్తే ఎండేది తమ పైరే గనుక ఆ లెక్క వారికి స్వంతమైనది.

చిన్న పరిశ్రమ నడిపేవారు తరచు చెడే మర నొకదానిని ఎన్నుకొని, మూడు నెలలపాటు అది ఆగిన వేళను, తిరిగిన వేళను, కారణాన్ని ఆపరేటరు మాటలలోనే వ్రాయించి చూడవచ్చును. (కారణాల పట్టికను ఆఫీసు గదిలో కూర్చొని ముందే తయారు చేస్తే ‘ఇతర కారణములు’ అన్న గడియే నిండుతుంది.) ఆగిన నిమిషాలను బట్టి జీతంలో కోత ఉండదని మొదటనే చెప్పి, ఆ మాట నిలుపుకోవలెను. మొదటి నెలలో మర మునుపటికన్న ఎక్కువగా ఆగుతున్నట్లు కనిపించవచ్చును. నిజం వ్రాయడం మొదలైనదన్న మాట. అప్పుడు యజమాని ముఖం చిట్లిస్తే రెండవ నెలలో ఆ 8 నిమిషాలు తిరిగి వస్తవి. వారానికొకసారి ఆపరేటరు, మరమ్మతు మేస్త్రీ, ఫోర్‌మన్ కలిసి ఆ లెక్క చదవవలెను. దానిని వ్రాసే పలక మర ప్రక్కనే వ్రేలాడవలెను. సెన్సారు కొనే మాట ఆ తరువాత.