తెరమీది ఉమ్మెత్త, చేనిలోని మిరప

పల్నాట మిరప పూతకు వచ్చిన యొక సాయంకాలమున, గురజాలకు చేరువనున్న పల్లెలో బంధువుల యింటి యరుగుమీద కూర్చుండి, పదవ తరగతి చదువుచున్న యొక బాలిక తన తండ్రి సెల్‌ఫోనులో జీవశాస్త్ర పాఠము వినుచుండుట చూచితిని. తెరమీద ఉమ్మెత్తపువ్వును నిలువున కోసి రక్షకపత్రములను, ఆకర్షణపత్రములను, కేసరములను, అండకోశమును వేర్వేరు రంగులలో చూపుచుండిరి. పాఠము ముగియగానే ఆమె దొడ్డివెనుక చేనికి పోయి, తలవంచి వ్రేలాడుచున్న మిరపపువ్వు నొకదానిని త్రుంచి తెచ్చి, గోటితో మెల్లగా విప్పి, "తాతయ్యా, దీంట్లో కూడా కేసరాలు అయిదే ఉన్నాయి, ఉమ్మెత్తలో లాగానే!" అని నా యరచేతిలో నుంచెను. ఉమ్మెత్తయు, మిరపయు, వంగయు, టమాటాయు నొకే కుటుంబమునకు చెందినవని ఆ పాఠము చెప్పలేదు. ఆ చుట్టరికమును ఆమె కన్నే పసిగట్టినది.

2020 మార్చిలో బడులు మూతపడినపుడు ఆన్‌లైన్ చదువు మన పల్లెలకు తప్పనిసరియై వచ్చినది గాని, దాని సాధనములు అంతకుముందే సిద్ధమై యుండెను. 2017 జులైలో కేంద్ర ప్రభుత్వము 'స్వయం' వేదికను, ఆ సెప్టెంబరులో 'దీక్ష' వేదికను నెలకొల్పినది. పాఠ్యపుస్తకములో అధ్యాయము మొదట కనబడు నలుపుతెలుపు గళ్ల చతురస్రమును ఫోనుతో స్కాన్ చేసినచో తెరచుకొను వీడియోలు 'దీక్ష'లోనివే. 'స్వయం'లో పదునొకండు, పండ్రెండు తరగతుల జీవశాస్త్రమును ఎన్‌సీఈఆర్‌టీ వారు ఉచితముగా బోధించుచున్నారు. చిన్న చిన్న ఖండములుగా దృశ్యపాఠము, చదువుకొనుటకు వ్యాసము, తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నలు, సందేహములు వ్రాయుటకు చర్చావేదిక, ఈ నాలుగును కలిసియే కోర్సు. అర్థము కాని భాగమును పదిమారులు వెనుకకు త్రిప్పి వినవచ్చును. నలువదిమంది నడుమ చేయెత్తుటకు సిగ్గుపడు పిల్లకు ఇది చిన్న మేలు గాదు.

అయితే ఆంగ్లమున సాగు పాఠములో 'స్టొమాటా' యను మాట తెలుగు మాధ్యమపు విద్యార్థికి వట్టి ధ్వనిగనే వినబడును. గ్రీకు భాషలో 'స్టొమా' యనగా నోరు. మన 'పత్రరంధ్రము' వినినంతనే అర్థమగును. రెండు భాషలను ఎదురెదురు పుటలయందు ముద్రించిన మన పాఠ్యపుస్తకమును ఒడిలో పెట్టుకొని వీడియో చూచువారికి ఆ కష్టము సగము తగ్గును. ఫోను సంగతి వేరు. పెక్కు ఇండ్లలో అది తండ్రితో తెల్లవారుజామున చేనికి పోయి చీకటిపడు వేళకు తిరిగివచ్చును. ఇంట కొడుకు, కూతురు ఇద్దరును చదువుచున్నచో, వంటపని ముగియువరకు కూతురి వంతు రాదు. ఇది నా మనస్సును మిక్కిలి నొప్పించుచున్నది.

నేను చదివిన బడిలో సూక్ష్మదర్శిని బీరువాలోనే యుండెడిది. మూడేండ్లలో ఒక్కమారైనను దానికి కన్ను ఆనించి యెరుగను. కణమును బొమ్మగా గీసితినే గాని చూడలేదు. నేటి పిల్లలు తెరమీద రియో మొక్క ఆకు అడుగుపొరను, దానిలో చిక్కుడుగింజల వంటి రక్షక కణముల జంటలను స్పష్టముగా చూచుచున్నారు. కాని ఆ పొరను స్వయముగా ఒలిచి, చినిగిపోగా మరల ఒలిచి, నీటిచుక్కలో పరచినపుడు గాని అది ఆకులోనిదన్న నమ్మిక కలుగదు. శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందము అమెరికాలో 2014లో లోకమునకు చూపిన 'ఫోల్డ్‌స్కోప్' కాగితపు సూక్ష్మదర్శిని యిట్టి కొరతను తీర్చుటకే పుట్టినది.

పల్నాటి పిల్లలకు ప్రయోగశాల ఇంటి వెనుకనే యున్నది. 2002లో మన దేశమున అనుమతి పొందిన బీటీ పత్తిని గులాబీరంగు పురుగు కొన్నేండ్లకు తట్టుకొనుట నేర్చినది. ఆ పత్తిలోని విషమునకు చావని కొన్ని పురుగులు మిగిలి, వాని సంతతియే పెరిగినది. ప్రకృతివరణమను పాఠము ఇంతకంటె దగ్గరగా ఎచట దొరకును? 2021-22లో మిరపను కాల్చివేసిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియానుండి వచ్చినది. పూవులలో గుంపుగా చేరి, కణములను గీరి రసము పీల్చును. దానిని చూచుటకు యంత్రమక్కరలేదు, తెల్లకాగితము చాలును.

ఆ మాట చెప్పగానే బాలిక తన నోటుపుస్తకమునుండి కాగితము చింపి, మరియొక పూవును తెచ్చి దానిపై తట్టెను. నువ్వుగింజ కంటె సన్నని నల్లని నలుసులు రాలి, క్షణమాగి, కదలసాగినవి. చేనినుండి వచ్చిన తండ్రి ఫోను కొరకు చేయి చాచుచు, "ఏందమ్మా అది?" అని అడిగెను.

"ఉండు నాన్నా, లెక్కపెట్టనీ."

అతడు చాచిన చేయి వెనుకకు తీసికొని, కాగితము ప్రక్కన గొంతుకూర్చుండెను.