ఇద్దరి కష్టం, ఒకరి పేరు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో మగ్గానికి వేరే చోటుండదు. నడిమింట్లోనే గుంత తవ్వి మగ్గం దింపుతారు. ఆయన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే, ఆమె పక్కన రాట్నం ముందు కండెలు చుడుతుంది. పడుగు పోగులు తెగితే ఇద్దరూ కలిసి అతకాలి. పొయ్యి మీద అన్నం, మగ్గం పక్కన చదువుకునే పిల్లలు, వానాకాలంలో గుంతలోకి ఊరే చెమ్మ, అన్నీ ఆ ఒక్క గదిలోనే. చీర పూర్తయ్యాక షావుకారు ఇచ్చే కూలి మాత్రం నేసినవాడి పేరున ఒకే మొత్తంగా వస్తుంది. కండెలకు ఇంత, అతికినందుకు ఇంత అని ఎవరూ విడగొట్టరు.

హిందూపురంలో కిరాణా అంగడి, గాజుల అంగడి, కుట్టుమిషన్ల గది పెట్టుకున్న దంపతులదీ ఇదే కథ. పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసుకు పూలు, మిఠాయిలు అమ్ముకునే కుటుంబాలదీ ఇదే. అదే మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక షిఫ్టులవాళ్లకు భోజనాలు పెట్టే చిన్న మెస్సుల్లో అయితే, తెల్లవారుజామున పిండి రుబ్బేది ఎవరో, రాత్రి గిన్నెలు తోమేది ఎవరో చెప్పనక్కర్లేదు. బోర్డు మీద మాత్రం ఆయన పేరుంటుంది.

కలిసి కష్టపడటం మన దీన్‌లో కొత్త సంగతి కాదు. బీబీ ఖదీజా (రజి) స్వయంగా వ్యాపారవేత్త. వివాహానికి ముందే దైవప్రవక్త (సఅసం) ఆమె సరుకు తీసుకుని షామ్ దేశానికి వెళ్లి వచ్చారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) తన సొమ్ముతో భర్తనూ, తన సంరక్షణలో ఉన్న అనాథలనూ పోషించేవారు. ఈ ఖర్చు తనకు దానంగా సరిపోతుందా అని అడిగించినప్పుడు, బంధుత్వానికి ఒకటి, దానానికి ఒకటి, రెండు పుణ్యాలున్నాయని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఆ ప్రశ్నే. ఆ డబ్బు ఆమెది. భర్త మీద ఖర్చు పెట్టడం ఆమె బాధ్యత కాదు కాబట్టే అది దానమైంది. సంసారం నడపాల్సిన భారం భర్తది. సూరా అన్నిసా ప్రకారం పురుషుల సంపాదన పురుషులది, స్త్రీల సంపాదన స్త్రీలది.

మన అంగళ్లలో ఈ తేడా గల్లాపెట్టెలోనే కలిసిపోతుంది. పెళ్లయిన కొత్తలో ఆమె గాజులు అమ్మి సరుకు వేస్తారు. తర్వాత డ్వాక్రా సంఘంలోనో, వారం వారం కట్టే ఫైనాన్సు కంపెనీలోనో ఆమె పేరున అప్పు తీస్తారు, ఎందుకంటే ఆ అప్పులు ఆడవాళ్లకే ఇస్తారు. కొట్టు బాడుగ పత్రం, లైసెన్సు, బ్యాంకు ఖాతా మాత్రం ఆయనవి. అప్పు ఆమెకు, ఆస్తి ఆయనకు. మైక్రోఫైనాన్సు వసూళ్ల వేధింపులు భరించలేని స్థితికి వచ్చి 2010లో ఆనాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రోజులు మనలో చాలామందికి గుర్తే. అప్పుడు వాకిట్లో నిలబడి జవాబు చెప్పుకున్నది ఎక్కువగా ఆడవాళ్లే.

భర్త బతికి ఉన్నన్నాళ్లు ఇదంతా పట్టింపు కాదు. ఆయన హఠాత్తుగా పోతేనే తెలుస్తుంది. 1937 షరీఅత్ చట్టం ప్రకారం ముస్లింల వారసత్వానికి షరీఅత్ నియమాలే వర్తిస్తాయి. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు. కానీ పంపకానికి ముందు అంత్యక్రియల ఖర్చు, ఆ తర్వాత అప్పులు, ఆపైన మూడో వంతుకు మించని వసియ్యత్ తీర్చాలి. అప్పుల్లో భార్యకు చెల్లించని మహర్ కూడా ఉంది. ఆమె అప్పుగా ఇచ్చిన బంగారం విలువా ఉంది.

ఒక లెక్క వేసి చూద్దాం. కొట్టులో 4 లక్షల సరుకు ఉంది, బయట అప్పులు లేవు, పిల్లలున్నారు. అందులో లక్షన్నర ఆమె బంగారం అమ్మి పెట్టినది, చెల్లించని మహర్ 50 వేలు. ఇవేవీ రుజువు కాకపోతే ఆమెకు వచ్చేది 4 లక్షల్లో ఎనిమిదో వంతు, అంటే 50 వేలు. రుజువైతే ముందుగా 2 లక్షలు ఆమెవి, మిగిలిన 2 లక్షల్లో ఎనిమిదో వంతు 25 వేలు, మొత్తం 2 లక్షల 25 వేలు. మధ్యలో ఉన్నది ఒక కాగితం. ఆ కాగితం లేక, మరిదులతో పెద్దమనుషుల ముందు కూర్చుని, నా గాజులే ఈ కొట్టు అని చెప్పుకోవాల్సి వస్తుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు.

మొగుడూపెళ్లాల మధ్య కాగితాలేమిటి, నమ్మకం లేకనా అని అడుగుతారు. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ అప్పును రాసుకోమని చెప్పేదే (సూరా అల్ బఖరా, 282). అందులో దంపతులకు మినహాయింపేమీ లేదు. రాయడం పెద్ద పనీ కాదు. పెట్టుబడిలో ఎవరిది ఎంత, అది అప్పా, భాగస్వామ్యమా, లేక కానుకా అన్నది తేదీతో రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుంటే చాలు. అంగడి పెరిగితే 1932 భాగస్వామ్య చట్టం కింద భార్యాభర్తలు భాగస్వాములుగా పత్రం రాసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు నడిపేలా తెరిస్తే, ఆ నెల సరుకు డబ్బు, బడి ఫీజు ఆగవు. ఆ ఖాతా వల్ల డబ్బు తీసే వీలే వస్తుంది, వారసుల హక్కు పోదు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు కొట్టు మూసేయాల్సిందేనా అన్న భయం కూడా ఉంటుంది. హనఫీ ఫిఖ్‌లో జీవనోపాధి అవసరమైన వితంతువు పగటి పూట బయటికి వెళ్లి, రాత్రికి ఇంటికి చేరే వెసులుబాటు ఉంది. ఎవరి పరిస్థితిని బట్టి వారు ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

జకాత్ లెక్కలోనూ ఇద్దరూ వేరే. నిసాబ్ (87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ) ఎవరిది వారికే చూడాలి. అమ్మకానికి ఉన్న సరుకు, మగ్గానికి కొన్న పట్టునూలు, జరీ లెక్కలోకి వస్తాయి. మగ్గం, కుట్టుమిషను, తోపుడుబండి రావు. ఆమె బంగారం ఆమె లెక్క. భార్య ఒంటి మీద నగలున్నాయి కదా అని భర్త అర్జీ పక్కన పెట్టడం, లేదా ఆ నగలు భర్తవే అనుకుని లెక్కేయడం, రెండూ జరుగుతున్నాయి. రెండూ సరికావు.

ఇక ఇల్లు. అంగడికి గిరాకీ వేళా, పిల్లలు బడి నుంచి, మదరసా నుంచి వచ్చే వేళా ఒకటే, అసర్ నుంచి ఇషా వరకు. రంజాన్ చివరి పది రోజులైతే బట్టల కొట్లవాళ్లకు సహరీకీ తరావీహ్‌కీ మధ్య కూర్చునే తీరిక దొరకదు. సహరీకి అందరికంటే ముందు లేచినామె పగలంతా కొట్టులో నిలబడి, ఇఫ్తార్‌కు మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్తుంది. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళకు వెళ్లేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఈ హదీసు మన బయాన్లలో వినిపిస్తూనే ఉంటుంది, కొట్టు మూసి ఇంటికి వెళ్లాక మాత్రం తక్కువగా గుర్తొస్తుంది. నెలకు ఇంత అని కొట్టు నుంచి ఇంటి ఖర్చుకు వేరే తీసి, అది దాటకుండా చూసుకునే ఇళ్లలో తగవులు తక్కువ. గల్లాలోంచి ఎవరికి వారు తీసుకునే ఇళ్లలో మొదట తగ్గేది పిల్లల ఫీజు డబ్బే.

దాతలు ఇచ్చే సొమ్ముతో ఎవరికైనా తోపుడుబండో, కుట్టుమిషనో, ఖర్జె హసనానో ఇచ్చినప్పుడు అర్జీలో ఇప్పటికీ ఒక పేరు, ఒక సంతకమే ఉంటోంది. మిషను ఆమె కుట్టేదైతే రసీదు ఆమె పేరునే రాయాలి. అంగడి ఇద్దరిదైతే ఇద్దరి సంతకాలూ తీసుకోవాలి. ఆమె ఇప్పటికే పెట్టిన బంగారం ఎంత, చెల్లించాల్సిన మహర్ ఎంత, ఆమె పేరున ఉన్న అప్పు ఎంత అని అర్జీలో మూడు గళ్లు పెడితే, ఆ కుటుంబానికి అది మొదటిసారి రాసుకున్న లెక్క అవుతుంది. దాని నకలు ఒకటి ఆమె చేతికే ఇవ్వాలి.