పరీక్ష రాయలేదు... మార్కులు వచ్చేశాయి!

ఒకప్పుడు ఐబీ అంటే మనకి ఇంటెలిజెన్స్ బ్యూరోనే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ ఐటీ ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చున్నా ‘మా వాణ్ని ఐబీలో వేశాం’ అన్న మాట వినపడుతుంది. ఇంటర్మీడియట్ ఎంపీసీలో రెండేళ్లు వీక్లీ టెస్టుల మధ్య నలిగి ఇంజినీరింగ్‌కి వచ్చినవాణ్ని నేను. అందుకే అందరూ ఫీజుల గురించి మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది. ఇన్ని దేశాల్లో ఒకేసారి జరిగే ఈ పరీక్షని అసలు ఎలా నడుపుతారు?

ముందు కాస్త పరిచయం. ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్ 1968లో జెనీవాలో మొదలైంది. దౌత్యవేత్తల్లాగా ఊళ్లు మారే ఉద్యోగుల పిల్లలకి ఏ దేశం వెళ్లినా చెల్లే సర్టిఫికెట్ ఒకటి ఉండాలన్నది అప్పటి అవసరం. అందులో డిప్లొమా ప్రోగ్రామ్ మన ఇంటర్ లాగే రెండేళ్లు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7 పాయింట్లు. 4,000 పదాల లోపు ఒక పరిశోధన వ్యాసం, ‘థియరీ ఆఫ్ నాలెడ్జ్’ అనే కోర్సు కలిపి మరో 3. మొత్తం 45. కనీసం 24 ఉంటేగానీ డిప్లొమా రాదు. ఆటలు, కళలు, సేవ కూడా చేయాలి. వాటికి మార్కులుండవు గానీ అవి లేకపోతే డిప్లొమా ఉండదు.

నాకు బాగా నచ్చింది దిద్దే పద్ధతి. జవాబు పత్రాలు స్కాన్ అయి, వేరే వేరే దేశాల్లో ఉన్న ఎగ్జామినర్ల కంప్యూటర్లలోకి వెళతాయి. వాటి మధ్యలో, సీనియర్లు ముందే దిద్ది మార్కులు ఖాయం చేసిన పత్రాలు కొన్ని కలుపుతారు. వాటిని ‘సీడ్స్’ అంటారు. ఏది సీడో, ఏది మామూలు పేపరో దిద్దేవాళ్లకి తెలియదు. సీడ్‌కి వేసిన మార్కు మరీ తేడాగా ఉంటే ఆ ఎగ్జామినర్‌ని అక్కడే ఆపేస్తారు. అంటే పరీక్ష పిల్లలకే కాదు, దిద్దేవాళ్లకీ ఉందన్నమాట! మా టెస్టింగ్ వాళ్లు వింటే మురిసిపోతారు.

స్కూల్లో టీచర్లు వేసే ప్రాజెక్టు మార్కుల మీదా నిఘా ఉంటుంది. కొన్ని శాంపిల్స్ తెప్పించుకుని మళ్లీ దిద్దిస్తారు. టీచర్ చెయ్యి మరీ ఉదారం అని తేలితే ఆ బ్యాచ్ మొత్తానికి మార్కులు తగ్గుతాయి. మన ప్రాక్టికల్స్‌లో 30కి 30 పడే సంబరం ఇక్కడ కుదరదు.

ఇంత పకడ్బందీ వ్యవస్థకి కూడా గడియారం చిక్కు తెచ్చిపెట్టింది. సింగపూర్‌లో మధ్యాహ్నం 12 గంటలకి పిల్లలు హాల్లోంచి బయటికొస్తే, మే నెలలో లండన్‌లో అప్పటికి తెల్లవారుజాము 5. అందుకే పరీక్ష రాశాక 24 గంటలపాటు ప్రశ్నల గురించి బయట మాట్లాడకూడదని నియమం. కానీ పదిహేడేళ్ల పిల్లల చేతిలో ఫోన్ ఉండగా 24 గంటల మౌనమా? 2024 మేలో లెక్కల ప్రశ్నలు కొన్ని ఒక టైమ్ జోన్ నుంచి ఇంకో టైమ్ జోన్‌కి ఆన్‌లైన్‌లో పాకిపోయాయి. సర్వర్ల టైమ్ జోన్లతోనే వేగలేక చస్తున్న నాకు దీనిమీద జాలి తప్ప కోపం రాలేదు.

అసలు కథ మాత్రం 2020ది. కరోనా వల్ల ఆ మే పరీక్షలు రద్దయ్యాయి. అయినా జులై 5న దాదాపు 1.7 లక్షల మందికి ఫలితాలొచ్చాయి. ఎలా? ప్రాజెక్టు మార్కులు, టీచర్ ఇచ్చిన అంచనా గ్రేడు, వాటికి తోడు ఆ స్కూలు గత ఫలితాల చరిత్ర. ఈ మూడూ కలిపి ఒక లెక్క కట్టారు. సగటు ముందు ఏడాదికంటే కాస్త ఎక్కువే వచ్చింది కూడా. మోడల్ రాసినవాళ్లు ఆ సగటు చూసుకుని ఊపిరి పీల్చుకుని ఉంటారు. నేనైనా అదే చేసేవాణ్నేమో. కానీ సగటు ఏ ఇంట్లోనూ ఉండదు కదా! అంచనాకంటే బాగా తక్కువ గ్రేడు వచ్చి విదేశీ సీటు చేజారినవాడికి ఆ సగటుతో ఏం పని? తనకంటే ముందు అదే బెంచీలో కూర్చున్న సీనియర్లు ఎలా రాశారన్నది తన మార్కులోకి ఎందుకు రావాలి? పిల్లలు నిరసన తెలిపారు, ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. నార్వేలో డేటా రక్షణ సంస్థ కూడా ప్రశ్నలు వేసింది. చివరికి ఆగస్టు 17న ప్రాజెక్టు మార్కులకి విలువ పెంచి, ఎవరి గ్రేడూ తగ్గకుండా సవరించారు. అప్పటికే కొన్ని యూనివర్సిటీల్లో సీట్లు నిండిపోయాయి.

ఫలితాల సాఫ్ట్‌వేర్ అంటే మన దగ్గరా గుండె దడే. 2019 తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. ఆ వేసవిలో ఇళ్లల్లో జరిగినవి తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఐబీ తేవాలని 2024 జనవరిలో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది ప్రభుత్వం మారాక అది పక్కకి వెళ్లింది. టీచర్ వేసిన మార్కుని బయటివాళ్లు తిరిగి చూడటమనే ఆ ఒక్క అలవాటైనా మిగిలి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. దానికి ఎయిర్ కండిషన్డ్ క్లాసులు అక్కర్లేదు.

ఇప్పుడు పిల్లల్ని చేర్చబోతున్న తల్లిదండ్రులకి ఒక మాట. కరోనా పోయినా టీచర్ అంచనా గ్రేడు పోలేదు. విదేశీ యూనివర్సిటీలు చాలావరకు దాన్ని చూసే షరతులతో సీటిస్తాయి. మే పరీక్షల ఫలితాలు జులై మొదట్లోగానీ రావు. ఆ గ్రేడు పెంచి చెబితే జులైలో సీటు పోతుంది, తగ్గించి చెబితే అసలు సీటే రాదు. ఇక్కడే ఇంజినీరింగ్ అనుకుంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ ఆ ఆరింటిలో పడేలా మొదటి వారంలోనే చూసుకోవాలి. స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ తర్వాత చూడొచ్చు. ముందు డిప్లొమా కోఆర్డినేటర్‌ని కలిసి, గత మూడేళ్లలో మీ టీచర్లు వేసిన అంచనాకీ, పిల్లలకి చివరికి వచ్చిన పాయింట్లకీ ఎంత తేడా వచ్చిందో చూపించమని అడగండి.