కాపురము హైదరాబాదున, కప్పము వాషింగ్టనుకు

డాలసులో చాలకాలము ఉద్యోగము చేసి అమెరికా పౌరసత్వము పుచ్చుకొని, భారత పౌరురాలగు భార్యతో హైదరాబాదు చేరి గచ్చిబౌలిలో కాపురము పెట్టిన తెలుగువాడు, విమానము దిగుటతోనే ఆ దేశపు ఆదాయపు పన్నుతో తనకు ఋణము తీరినదని తలచినచో అది భ్రమయే. తక్కిన దేశములు ప్రాయికముగ నివాసమును బట్టి పన్ను విధించుచుండగా, అమెరికా పౌరసత్వమును బట్టి విధించును. ఈ విషయమున దానికి జతగా చెప్పదగినది ఎరిట్రియా యొక్కటియే.

మెక్సికోలో స్థిరపడి అచ్చటి ఆస్తిపైననే ఆదాయము పొందుచుండిన కుక్ అను అమెరికా పౌరుడు, ఆక్షేపణతో పన్ను కట్టి, దానిని తిరిగి రాబట్టుకొనుటకు వ్యాజ్యము వేయగా, పౌరుడెక్కడ నున్నను ప్రభుత్వము వలన అతనికి మేలు కలుగుచునే యుండును గనుక పన్ను గొనుట న్యాయమేయని అమెరికా సుప్రీంకోర్టు 1924లో తీర్పు చెప్పెను. ఆ మేలు గచ్చిబౌలి కూడలిలో ఏపాటి కనబడునో పాఠకులే యూహింపవచ్చును.

అసలు చిక్కు భార్య విషయమున వచ్చును. ఆమె అమెరికా పౌరురాలు కాదు, గ్రీన్‌కార్డు లేదు. కావున ఆమె జీతముతోగాని, గుంటూరులో పుట్టింటివారిచ్చిన ఇంటి అద్దెతోగాని అమెరికాకు నిమిత్తము లేదు. భర్త విడిగా రిటర్ను వేయవచ్చును. అట్లు వేయువానికి ఏడాది ఆదాయము 5 డాలర్లున్నను రిటర్ను తప్పదు. లేదా, ఆమెను అమెరికా నివాసిగా పరిగణింపుడని ఇరువురును సంతకములు చేసి, ఆమెకొక పన్ను సంఖ్య తెప్పించి, ఉమ్మడి రిటర్ను వేయవచ్చును. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ ఇబ్బడియగును గాని, గుంటూరు అద్దెయు, ఇచ్చట పన్ను లేని పీపీఎఫ్ వడ్డీయు అచ్చటి లెక్కలోనికి ఎక్కును. ఈ యెన్నిక ఏటేటికి మార్చుకొనదగినది కాదు. ఒకసారి రద్దు చేసికొన్నచో ఆ దంపతులకు మరల ఆ ద్వారము తెరువబడదు. లాభము చూచి తొందరపడువారు ఈ ముక్కనే చదువక విడుతురు.

ఉపశమనము లేకపోలేదు. పండ్రెండు నెలలలో 330 దినములు అమెరికా వెలుపల నున్నవానికి 2025లో 1,30,000 డాలర్ల వరకు సంపాదన మినహాయింపు కలదు. అద్దెకు, వడ్డీకి అది వర్తింపదు. ఆ రెండింటిపై ఇచ్చట కట్టిన పన్ను అచ్చట జమ చూపుకొనుటయే గతి. అయితే మన సంవత్సరము ఏప్రిల్‌లోను, వారిది జనవరిలోను మొదలగుటచే, పేస్లిప్పులును బ్యాంకు పత్రములును ముందు పరచుకొని, మార్చి వరకు కోసిన టీడీఎస్‌ను ఒక ఆర్థిక సంవత్సరము నుండియు, తక్కినదానిని మరియొకదాని నుండియు ఏరి కూర్చవలయును.

అమెరికా వెలుపలి ఖాతాలన్నిటి మొత్తము ఏడాదిలో ఏ దినముననైనను 10,000 డాలర్లు దాటినచో, తల్లితో కలిసియున్న ఉమ్మడి ఖాతాను సైతము వేరుగా తెలుపవలయును; 2015 నాటి ఒప్పందము మూలమున మన బ్యాంకుల సమాచారము ఎటులను అచ్చటికి చేరుచునేయున్నది. మ్యూచువల్ ఫండ్ల సంగతి మరింత కటువు: భర్త పేర నున్న ప్రతి ఫండునకును ప్రాయికముగ ప్రత్యేక ఫారము నింపవలయును, పన్ను కూడ హెచ్చు. అందుచేత విడి రిటర్ను వేయు ఇండ్లలో సిప్పులను భార్య సొంత జీతము నుండి, ఆమె పేరనే కట్టుట మేలు. భర్త సొమ్మే ఆమెకు ఇయ్యదలచినచో, పౌరురాలు కాని భార్యకిచ్చు కానుకపై 2025లో 1,90,000 డాలర్ల వరకే గిఫ్టు పన్ను మినహాయింపు కలదు.