పిల్లికూనకూ ఓ టీకాల కార్డు!

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఆ తిప్పడంలో ఒకటి ఏ అటక మీదో మిగిలిపోతుంది. లేదంటే బడి నుంచి వస్తూ వస్తూ పిల్లలే చొక్కాలో దాచుకుని తెచ్చేస్తారు. ‘మనింట్లో వద్దంటే వద్దు’ అన్న బామ్మే రాత్రయ్యేసరికి గిన్నెలో పాలు పోసి దాని ముందు పెడుతుంది. ఇక అది ఇంట్లో మనిషే!

బామ్మ మనసు మంచిదే కానీ ఆ పాలతోనే చిక్కు. ఆవు పాలైనా, గేదె పాలైనా చాలా కూనలకు పడవు. విరేచనాలు పట్టుకుంటాయి. అరచేతిలో ఇమిడే ప్రాణి కదా, రెండ్రోజులకే ఒంట్లో నీరంతా పోయి వేలాడిపోతుంది. కళ్లు తెరవని పసికూనైతే దానికోసం ప్రత్యేకంగా దొరికే పాలపొడి కలిపి పట్టాలి. నెల దాటితే మెత్తగా నానబెట్టిన కూనల ఆహారం, పక్కనే మంచినీళ్లు... అంతే.

‘ఇంత పిల్లికి డాక్టరా!’ అని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. పశువుల ఆసుపత్రంటే గేదెలకే అనుకోవడం మనకు అలవాటు. నిజానికి కూన ఇంటికొచ్చిన మొదటి వారంలోనే డాక్టరుకి చూపించాలి. చున్నీలో చుట్టి స్కూటరు మీద మాత్రం తీసుకెళ్లొద్దు. ఒక్క హారన్ చాలు, అది చేతుల్లోంచి ఎగిరి దూకడానికి. గాలాడే మూత బుట్ట, అడుగున పాత తువ్వాలు ఉంటే చాలు.

డాక్టరు ముందు బరువు చూస్తారు. నెలకు సుమారు 450 గ్రాముల లెక్కన, రెండు నెలల కూన 900 గ్రాముల దాకా ఉండాలి. తర్వాత నోరు, కళ్లు, గుండె చప్పుడు. చెవిలో కాఫీ పొడిలా నల్లటి గుల్ల కనిపిస్తే పురుగులున్నట్టే. చర్మంపై గుండ్రంగా వెంట్రుకలు రాలితే అది తామర కావచ్చు. ఎత్తుకుని ముద్దుచేసే పిల్లలకూ అంటుకుంటుంది. పొట్ట ఉబ్బి, ఒళ్లు ఎండినట్టుంటే నులిపురుగుల పని. ఇవి తల్లిపాల నుంచే వస్తాయి కాబట్టి ‘మా కూన శుభ్రంగానే ఉంది’ అనుకోవడానికి లేదు. మూడు వారాల వయసు నుంచి రెండు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆపైన ఆరు నెలలు నిండేవరకూ నెలకోసారి మందు పట్టాలి. మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి.

ఇక అసలు సంగతి. ‘నిన్న గెంతింది, ఇవాళ చచ్చిపోయింది... ఎవరో విషం పెట్టారు’ అంటుంటారు చూశారూ, చాలాసార్లు ఆ నింద పడాల్సింది పక్కింటివాళ్ల మీద కాదు, పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ మీద. కుక్కపిల్లల్ని పొట్టనపెట్టుకునే పార్వోకి ఇది దగ్గరి బంధువు. తెల్ల రక్తకణాల్నీ, పేగుల లోపలి పొరనీ ఒకేసారి దెబ్బతీస్తుంది. జ్వరం, వాంతులు, విరేచనాలు. దాహమేసి నీళ్ల గిన్నె దగ్గరే తల వాల్చి కూర్చుంటుంది, తాగలేదు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు, చెప్పుల మట్టితోనూ లోపలికి వస్తుంది. కాబట్టి ‘మా పిల్లి గడప దాటదు’ అన్న ధీమా పనికిరాదు.

దీనికీ, జలుబు తెచ్చే మరో రెండు వైరస్‌లకూ కలిపి ఒకటే టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెడతారు. చాలామంది ఆ ఒక్క సూదితో ‘అయిపోయింది’ అనుకుంటారు. చిక్కంతా అక్కడే! తల్లి మొదటి పాలతో వచ్చిన రక్షణ కూన ఒంట్లో కొన్ని వారాలుంటుంది. అది ఉన్నంతసేపూ టీకాను పనిచేయనివ్వదు. ఒక కూనలో ఎనిమిది వారాలకే తరిగిపోతుంది, ఇంకోదాంట్లో పదహారు దాకా ఉంటుంది. ఎప్పుడు తరుగుతుందో పైకి చూసి చెప్పలేం. అందుకే మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తూ వెళ్లడం. మధ్యలో మానేస్తే రెండు రక్షణలూ లేని కూన మిగులుతుంది. ఆఖరిది వేశాక ఏడాదిలోపు మరో బూస్టరు.

మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా. రేబిస్ కుక్కలదే అనుకోకండి, పిల్లి నుంచీ రావచ్చు. కూన కరిచినా, రక్తం వచ్చేలా గీరినా సబ్బుతో, పారే నీటి కింద పావుగంట కడిగి మనమూ ఆసుపత్రికి వెళ్లాల్సిందే. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఓ కుర్రాడికి తొలిసారి రేబిస్ టీకా ఇచ్చిన రోజుకు గుర్తుగా, ఏటా అదే రోజున మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకూ పిల్లులకూ చాలాచోట్ల ఉచితంగా వేస్తుంటారు.

ఇంట్లో విషాలూ తక్కువేం కాదు. జ్వరమని పారాసిటమాల్ ముక్క వేస్తారు కొందరు. పిల్లి కాలేయం దాన్ని విరిచెయ్యలేదు, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. నేల తుడిచే ఫినాయిలూ అంతే... పాదాలకు అంటుకున్నదాన్ని అది నాకేస్తుంది కదా! కుక్కల గోమార్ల మందు దీనికి రాయకూడదు. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం.

శాకాహారుల ఇంట చేరిన కూనకు రోజూ పెరుగన్నమే. పాపం, అది మాంసాహారిగానే పుట్టింది. టౌరిన్ అనే పోషకాన్ని పిల్లి తనకు కావాల్సినంత తయారుచేసుకోలేదు, మాంసం, చేపల్లోంచే తెచ్చుకోవాలి. అది లేకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె కండరం సడలిపోతుంది. వంటింట్లో చేప ఉడకడం ఇష్టంలేని ఇల్లయితే, టౌరిన్ కలిసిన పొడి ఆహారం పొట్లం తెచ్చుకోవడమే దారి.

ఆడకూన నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది దాదాపు 63 రోజులే. ఏమరుపాటుగా ఉంటే ఏడాది తిరక్కముందే మీ అటక మీద నాలుగు కూనలు! అందుకని ఆఖరి టీకాకు వెళ్లినప్పుడే ఆపరేషన్ ఎప్పుడో డాక్టర్ని అడిగి, ఆ తేదీని టీకాల కార్డు వెనక రాయించుకోండి.